దారి చూపే మనిషి ఎవరి మనిషి?

సూరత్‌లోని లింబాయత్ బస్తీకి ఆస్పత్రులు దూరం కాదు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ సొంతంగా నడిపే వైద్య కళాశాల ఆస్పత్రి స్మిమేర్ పక్కనే ఉమర్వాడలో ఉంది, ఆటో ఎక్కితే కాసేపట్లో దిగొచ్చు. ఇంకాస్త ముందుకు పోతే మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ వస్తుంది. అక్కడి జనం నోట అది ‘సివిల్’ మాత్రమే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్లెక్కి పారిపోయిన ఊరు ఇది. ఆ మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని జోన్లుగా విడగొట్టి, అధికారులను పొద్దున్నే వీధుల్లోకి పంపి, చెత్తనూ జ్వరాలనూ రోజూ లెక్క రాయించిన కథ దేశమంతా విన్నదే. జ్వరం వస్తే పట్టించుకునే వ్యవస్థ సూరత్‌కు అప్పటి నుంచి ఉంది. జ్వరం రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. క్యాన్సర్, కిడ్నీ, మందులకు లొంగని క్షయ లాంటి జబ్బులు అలా తేలవు. వాటితో మనిషి నెలలు, ఏళ్లు నడవాలి. పెద్ద జబ్బు వచ్చిన సాంచెల (మరమగ్గాల) కార్మికుడు ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దారి తప్పడు. తప్పేది గేటు దాటి లోపలికి పోయాక.

లింబాయత్, గోడాదరా, పర్వత్, డిండోలీ వైపు తెలుగు వినపడటం వింత కాదు. నిజాం కాలం నుంచి తెలంగాణ నేతగాళ్లు షోలాపూర్, భీవండి, బొంబాయి, అహ్మదాబాద్ దారి పట్టారు. వాళ్లలో కొందరు సూరత్‌లో ఆగారు. పద్మశాలీలు ఎక్కువ, మిగతావాళ్లూ ఉన్నారు. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఇంట్లో ఆడవాళ్లు చీరలకు లేసులు కుడతారు, రాళ్లు అంటిస్తారు. పని మానిన రోజు కూలి లేదు. ఇక్కడ వైద్యం ఖర్చు అంటే మందుల బిల్లు ఒక్కటే కాదు, రోగితో పాటు ఆస్పత్రిలో కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి కూడా. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో మొత్తం వైద్య వ్యయంలో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. ఈ కూలి నష్టం ఆ లెక్కలోకి రాదు.

నోటి క్యాన్సర్‌ను తీసుకుందాం. గుట్కా, మావా నమిలే మగ్గాల షెడ్లలో ఇది అరుదు కాదు. దవడ లోపల పుండు అవుతుంది. వీధి చివరి డాక్టరు బి-కాంప్లెక్స్ రాస్తాడు. మానదు. పంటి డాక్టరు దగ్గరికి పోతే ‘సివిల్‌కు పో’ అంటాడు. అక్కడ కేసు పేపరు తీసి, చెవి ముక్కు గొంతు విభాగంలో నిలబడితే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రిపోర్టు కోసం ఇంకో రోజు రావాలి, స్కానింగ్ తేదీ మరో రోజు. ఆపరేషన్ ఒకరు చేస్తారు, రేడియేషన్ ఇంకొక చోట, కీమో నిర్ణయించేది మూడో డాక్టరు. ఈ మెట్లలో ఏ ఒక్కటీ అన్యాయం కాదు, ప్రతి దానికీ వైద్యపరమైన కారణం ఉంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చేర్చే పని మాత్రం ఎవరి ఉద్యోగమూ కాదు. ముక్క పరీక్ష రిపోర్టు తీసుకోవడానికి రాని రోగికి ఎవరూ ఫోన్ చేయరు. షిఫ్టు వదులుకోలేక రాలేదో, రిపోర్టులో ఏముంటుందోనన్న భయంతో రాలేదో అడిగేవాళ్లు లేరు. ఇక్కడ పోయేది కాలం. నోటి క్యాన్సర్‌లో మొదటి దశకూ మూడో దశకూ తేడా ఆ కాలమే.

దీని మీద భాష ఒక పొర. డాక్టరు గుజరాతీలోనో హిందీలోనో చెబుతాడు. మగవాళ్లకు పని హిందీ వస్తుంది: మీటరు, బీమ్, సేఠ్, పగార్ వరకు. ‘గడ్డ మెడ గ్రంథులకు పాకింది, ముందు కీమో ఇచ్చి చూద్దాం’ అన్న మాటకు ఆ హిందీ సరిపోదు. బడికి పోయే పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు. పన్నెండేళ్ల పిల్లతో తండ్రి జబ్బు గురించి మాట్లాడించడం ఎంత క్రూరమో ఏ ఆస్పత్రి ఫారంలోనూ రాసి ఉండదు. పిల్ల సగం చెబుతుంది, సగం దాస్తుంది. దాచిందని ఆ పిల్లను తప్పు పట్టలేం.

ఇక కాగితాలు. సూరత్‌లో ఉండే తెలంగాణ కుటుంబం ఏ రాష్ట్రపు రోగి? ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఇచ్చే ఆ పథకం దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. తెలంగాణ 2021లో అందులో చేరింది. అయితే ఎవరికి చెల్లుతుందన్నది మొదట నిర్ణయించింది 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన. ఆ ఏడాది ఊళ్లో లెక్క రాసినప్పుడు ఇంటి పెద్ద సూరత్‌లో ఉండొచ్చు, సూరత్‌లో రాసినప్పుడు కిరాయి ఇల్లు మారి ఉండొచ్చు. గుజరాత్ తన ‘మా అమృతం’ పథకాన్ని 2012లో మొదలుపెట్టి, తర్వాత కేంద్ర పథకంతో కలిపి, 2023 జూలైలో పరిమితిని 10 లక్షలకు పెంచింది. దానికి గుజరాత్ నివాసి అని చూపే ఆధారం కావాలి. తెలంగాణ కూడా అదే ఏడాది డిసెంబరు 9న ఆరోగ్యశ్రీని 10 లక్షలు చేసింది. దానికి ఊళ్లో రేషన్ కార్డు బతికి ఉండాలి. రెండు వైపులా పది లక్షలు ఉన్నాయి, మధ్యలో మనిషి ఉన్నాడు. ఆధార్ చిరునామా లింబాయత్‌కు మారిస్తే ఊరి కార్డు పోతుందన్న భయం, మార్చకపోతే ఇక్కడ కార్డు రాదన్న దిగులు. ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా, ఇంకో దాంట్లో పొడి అక్షరంగా ఉంటే ఆ తేడా సరిచేసుకోవడమే ఒక వారం పని.

ఈఎస్‌ఐ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ మరిచిపోతారు. నెల జీతం 21,000 రూపాయలు మించని కార్మికుడికి ఈఎస్‌ఐ ఉంటే వైద్యంతో పాటు జబ్బు రోజులకు జీతంలో కొంత భాగం వస్తుంది. క్యాన్సర్, క్షయ లాంటి 34 దీర్ఘ జబ్బులకు రెండేళ్ల వరకు జీతంలో 80 శాతం ఇచ్చే ఏర్పాటు ఉంది. లింబాయత్ కుటుంబానికి నిజంగా అక్కరకొచ్చేది ఇదే, పోయిన కూలికి బదులిచ్చేది ఇదొక్కటే. కానీ చాలా షెడ్లలో కార్మికుడి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. పేరు లేని కార్మికుడికి ఎంత తెలివైన సహాయకుడు వెంట ఉన్నా ఈ తలుపు తెరుచుకోదు. దారి చూపడానికి ముందు దారి అంటూ ఉండాలి కదా.

ఇప్పుడు దారి చూపుతున్నది ఎవరు? ఎవరూ లేరనడం తప్పు. చాలామందే ఉన్నారు. కుల సంఘం పెద్దమనిషి ఉన్నాడు. సివిల్‌లో ఏ వార్డుబాయ్ తెలుసో, ఏ కార్పొరేటర్ ఉత్తరం రాస్తాడో ఆయనకు తెలుసు. ‘అన్నా, జర ఈ కాగితం చూడు’ అని వచ్చినవాడిని తిప్పి పంపడు, పైసా అడగడు. అయితే ఆయన బతుకు ఆయనకుంది, అందరికీ అందడు. సంఘంలో అవతలి వర్గానికి, పెద్దమనిషి మాట వినని ఇంటికి, భర్త లేని ఆడమనిషికి ఆ సాయం అంతగా దొరకదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు. సూరత్ నుంచి ఫోన్ చేసినా ‘హైదరాబాద్ ఫలానా ఆస్పత్రికి తోలుకరా, నేను మాట్లాడతా’ అంటాడు. తెలుగు పల్లెల్లో దశాబ్దాలుగా రోగిని పట్నానికి చేర్చిన మనిషి ఆయనే, సందేహం లేదు. పంపిన రోగికి లెక్కగట్టి కమిషన్ ముట్టజెప్పే కార్పొరేట్ ఆస్పత్రులు ఉన్నాయన్నది కూడా తెలుగునాట బహిరంగ రహస్యమే. ఆస్పత్రి గడపలో నవ్వుతూ ఎదురొచ్చే కోఆర్డినేటర్లకు జీతం ఆస్పత్రే ఇస్తుంది. మంచివాళ్లు ఉంటారు, కానీ ‘ఈ ఆపరేషన్ మీకు అక్కర్లేదు, ప్రభుత్వ ఆస్పత్రికి పొండి’ అని చెప్పడానికి వాళ్లకు జీతం రాదు.

ఆస్పత్రి డబ్బుతో నడిచే ఈ సాయం చివరి మెట్టు ఎలా ఉంటుందో గుజరాత్ 2024 నవంబరులో చూసింది. అహ్మదాబాద్‌లోని ఖ్యాతి ఆస్పత్రి మెహసానా జిల్లా కడి తాలూకా బోరిసణా గ్రామంలో ఉచిత శిబిరం పెట్టి, జనాన్ని బస్సులో తీసుకుపోయి, 19 మందికి యాంజియోగ్రఫీ చేసి, ఏడుగురికి స్టెంట్లు వేసింది. ఇద్దరు చనిపోయారు. ఖర్చు ప్రభుత్వ పథకం మీద రాశారు. కేసులు, అరెస్టులు నడిచాయి. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా రోగి వైపు నుంచి చూస్తే ఆ సాయంలో లోటేమీ కనిపించదు: వెతుక్కుంటూ వచ్చారు, వాహనం పెట్టారు, కాగితాలు వాళ్లే నింపారు, పైసా అడగలేదు. పెద్ద జబ్బు రోగికి మనం కోరుకునే సాయమంతా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా ఆ సాయానికి డబ్బు ఎటు నుంచి వస్తుందన్న ఒక్క దాంట్లోనే ఉంది. రోగి సహాయకుల మీద వచ్చే చర్చలన్నీ వాళ్ల శిక్షణ, నైపుణ్యం, ఓపిక చుట్టూ తిరుగుతాయి. నాకు ముందు అడగాల్సిన ప్రశ్న వేరే అనిపిస్తుంది: ఈ మనిషి జీతం ఎవరిస్తున్నారు?

ఈ ప్రశ్నకు తెలుగు నేల ఒకప్పుడు మంచి జవాబే చెప్పింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగంగా మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది గుండె ఆపరేషన్లు. దానిలో అంతకంటే కొత్తది ఆరోగ్యమిత్ర. తెల్ల కార్డు పట్టుకుని వచ్చిన రోగికి ఎదురెళ్లి, డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, అనుమతికి కాగితాలు పంపించి, డిశ్చార్జి నాడు ఛార్జీ డబ్బులు అందాయో లేదో చూసే మనిషి. తొలినాళ్లలో వీళ్లను మహిళా సంఘాల జిల్లా సమాఖ్యల ద్వారా ఎంపిక చేశారు, నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే కాకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ కూర్చోబెట్టారు. జీతం ఆస్పత్రిది కాదు. ఆ చిన్న ఏర్పాటు వెనక పెద్ద ఆలోచన ఉంది: కార్పొరేట్ ఆస్పత్రి లోపల, దాని డబ్బు మీద ఆధారపడని ఒక మనిషి. తర్వాత కేంద్ర పథకం కూడా ప్రతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను పెట్టమన్నది. 14555కు ఫోన్ చేస్తే ఎక్కడ ఎవరున్నారో చెబుతారు.

ఆరోగ్యమిత్ర లోటు కూడా అందులోనే ఉంది. ఆయన ఆస్పత్రి కౌంటరుకు కట్టుబడిన మనిషి. పథకంలోకి వచ్చే ఆపరేషన్ ఉంటే ఆయనకు పని ఉంటుంది. ముక్క పరీక్ష రిపోర్టుకు ముందున్న మూడు నెలలు, డిశ్చార్జి తర్వాత మిగిలే ఏళ్లు ఆయన కంప్యూటర్‌లో కనిపించవు. పథకం ఆస్పత్రి లోపలి వైద్యానికి డబ్బిస్తుంది గనుక, ఆయన చూపు కూడా అక్కడికే. పథకం గుజరాత్‌ది, రోగి తెలంగాణ వాడు అయితే ఆరోగ్యమిత్ర ఎంత మంచివాడైనా ‘మీ రాష్ట్రం నుంచి తేలాలి’ అన్న జవాబు దగ్గర ఆగిపోతాడు. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆస్పత్రుల్లో కూడా ఆరోగ్యశ్రీని చెల్లేలా చేసింది. ఆ జాబితాలో సూరత్ లేదు. వలస వెళ్లే పేదవాడి పటం ఆపరేషన్ల కోసం మహానగరాలకు వెళ్లేవాళ్ల పటం కాదు.

రోగికి తోడు నడిచే సహాయకుడు అన్న ఆలోచన బయటి ప్రపంచంలో పుట్టింది న్యూయార్క్ నల్లజాతి పేదల పేట హార్లెమ్‌లో. హార్లెమ్ ఆస్పత్రి సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ ఆస్పత్రిలో 22 ఏళ్లలో చూసిన 606 మందిలో ఐదేళ్లు బతికినవాళ్లు 39 శాతం. 1995-2000 మధ్య రోగుల్లో అది 70 శాతానికి చేరింది. ఈ అంకెను ప్రపంచమంతా సహాయకుల ఘనతగా రాసుకుంటుంది. అయితే అదే కాలంలో ఆయన ఉచిత పరీక్షలు కూడా పెట్టాడు. రెండింటిలో ఎవరి వాటా ఎంతో ఆ అంకె చెప్పదు. ఆ తర్వాత అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ డబ్బుతో అనేక కేంద్రాల్లో జరిగిన పరిశోధనలో ఇంకా ఆసక్తికరమైన సంగతి తేలింది: పరీక్షలో అనుమానం వచ్చాక జబ్బు నిర్ధారణ అయ్యే వేగంలో మొదటి 90 రోజుల్లో సహాయకులు ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు, 91వ రోజు నుంచి ఏడాది లోపు తేడా కనిపించింది. సొంతంగా దారి కనుక్కోగలిగినవాళ్లు ఎలాగూ కనుక్కుంటారు. ఎక్కడో చిక్కుకుపోయినవాళ్లకే ఈ మనిషి కావాలి. లింబాయత్‌లో ఎవరిని వెతకాలో ఇది సూటిగా చెబుతోంది: రిపోర్టు కోసం తిరిగి రానివాళ్లను.

అమెరికా వృద్ధుల బీమా మెడికేర్ 2024 జనవరి నుంచి పెద్ద జబ్బుల రోగులకు ఈ సేవ చేసినందుకు విడిగా డబ్బు కడుతోంది, నెలకు అరవై నిమిషాల లెక్కన. సేవకు ధర పెట్టడం మంచిదే. గంట లెక్క చూస్తే మాత్రం నవ్వొస్తుంది. మన దగ్గర ముంబై పరేల్‌లోని టాటా మెమోరియల్ కేంద్రం టాటా ట్రస్ట్స్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లతో కలిసి గత దశాబ్దం చివర్లో ‘కేవట్’ అనే ఏడాది కోర్సు పెట్టింది. చదివినవాళ్లు క్యాన్సర్ ఆస్పత్రుల్లో రోగికి మొదటి రోజు నుంచి తోడు నడుస్తారు. సూరత్ రోగులు చాలామంది పరేల్ రైలెక్కుతారు గనుక వాళ్లకు అక్కడ ఇది అందొచ్చు. పరేల్ నుంచి తిరిగొచ్చాక లింబాయత్‌లో అందుకునేవాళ్లు లేరు.

క్షయ విషయంలో ప్రభుత్వమే ఇంకో పద్ధతి చేసి చూపింది. రోగి పేరు ప్రభుత్వ క్షయ రోగుల ఆన్‌లైన్ నమోదు నిక్షయ్‌లో ఎక్కితే ఆ నంబరు రోగి వెంట నడుస్తుంది. ఊరు మారితే వైద్యం అక్కడికి బదిలీ చేయొచ్చు. ఆహారం కోసం 2018 నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. సందుల్లోకి వెళ్లి మాత్రలు వేసుకున్నారా అని అడిగే మనిషి ఉంటారు. లోపాలు బోలెడు ఉన్నాయి, మందుల కొరత, ఆలస్యపు జమలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. అయినా రోగిని ఆస్పత్రి దగ్గర కాకుండా రోగి దగ్గరే వెతకాలన్న తెలివి అందులో ఉంది. క్యాన్సర్ రోగికి, డయాలసిస్ రోగికి ఆ పాటి నంబరు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

అన్నింటికంటే తక్కువగా మాట్లాడుకునేది ఊరికి తిరిగిపోయే ఘట్టం. ‘ఇంక చేసేదేం లేదు’ అని ఆస్పత్రి చెప్పాక, తెలంగాణ రోగి ఊళ్లో పోవాలనుకుంటాడు. తాప్తి లైను మీదుగా వరంగల్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తారు. వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి స్లీపరులోను, మూడో ఏసీలోను రైల్వే పూర్తి రాయితీ ఇస్తుంది, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం. ఆస్పత్రి వాళ్లు నిర్ణీత ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ ఫారం ఉందని చెప్పేవాళ్లు లేక పూర్తి టికెట్ కొన్నవాళ్లే ఎక్కువ అని నా అనుమానం. ఊరు చేరాక నొప్పి మొదలవుతుంది. మార్ఫిన్ ఇవ్వడానికి ఉన్న అడ్డంకులను 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి తగ్గించారు. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో జిల్లా ఆస్పత్రుల్లో ఉపశమన కేంద్రాలున్నాయి, వాహనం వేసుకుని ఇంటికి వచ్చే నర్సులున్నారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. సూరత్ డిశ్చార్జి కాగితం మీద ఈ చిరునామాల్లో ఒక్కటీ ఉండదు. కాగితం గుజరాత్ ఆస్పత్రిది, రోగి వెళ్లేది కరీంనగర్‌కో నల్లగొండకో. రెండు ప్రభుత్వాలూ తమ తమ హద్దుల్లో పని చేసినట్టే లెక్క. చివరి నెల మాత్రం పారాసిటమాల్ మీద గడుస్తుంది. కోజికోడ్‌లో 1993లో మొదలై కేరళ అంతటా ఇరుగుపొరుగు వాలంటీర్లతో అల్లుకున్న ఉపశమన సేవ ఇలాంటి రోగిని వదిలిపెట్టదు. ఆ నమూనాను మెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి, అక్కడ వాలంటీరూ రోగీ ఒకే ఊరి వాళ్లు. వలస బస్తీలో ఇరుగుపొరుగు ఏడాదికోసారి మారుతుంది.

సహాయకుడు కావాలన్న ఈ వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. వ్యవస్థను చిక్కుముడిగా ఉంచి, చిక్కు విప్పడానికి మనుషుల్ని పెట్టడం ఏం న్యాయం? ఒకే కార్డు, ఒకే నియమం, ఒకే కౌంటరు చేస్తే సహాయకుడే అక్కర్లేదు కదా? నిజమే, కార్డుల గొడవలో సగం రెండు ప్రభుత్వాలు తలుచుకుంటే ఒక ఉత్తర్వుతో పోతుంది. పోగొట్టాలి కూడా. కానీ పెద్ద జబ్బు తన స్వభావం చేతనే చిక్కుగా ఉంటుంది. కార్డు ఒకటే అయినా ఆపరేషన్ ముందా కీమో ముందా అన్న ప్రశ్న, నెలకు పన్నెండుసార్లు డయాలసిస్‌కు కూర్చోవాల్సిన మనిషి షిఫ్టు ఎలా సర్దుకోవాలన్న ప్రశ్న, కిడ్నీ ఇస్తానన్న తమ్ముడి భార్య ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటాయి. వాటికి ఉత్తర్వు ఉండదు, మనిషి ఉండాలి.

ఆ మనిషి కూర్చోవాల్సింది సివిల్ గడపలో కాదు, లింబాయత్ పట్టణ ఆరోగ్య కేంద్రంలో. జీతం కార్పొరేషన్ ఇవ్వాలి, రోగుల సంఖ్యను బట్టి కాదు. ముక్క పరీక్ష చేయించుకున్నవాళ్ల జాబితా ప్రతి వారం స్మిమేర్ నుంచి, సివిల్ నుంచి ఆ బల్ల మీదికి రావాలి, రిపోర్టు తీసుకోనివాళ్ల ఇంటి తలుపు ముందు తట్టాలి. ఊరికి పోయే రోగి పేరు ఆ జిల్లా ఆలన కేంద్రానికి ఫోన్‌లో చెప్పాలి. భాష కుదరదన్న సాకు సూరత్‌కు చెల్లదు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక బడులు నడిపిన కార్పొరేషన్ ఇది. పిల్లలకు తెలుగు పంతుళ్లను వెతికి తెచ్చుకున్న ఆఫీసుకు, ఆ పిల్లల తండ్రి డాక్టరు మాట అర్థం చేసుకోవడానికి తెలుగు వచ్చిన ఒక నర్సును తెచ్చుకోవడం బడ్జెట్‌లో కొత్త పద్దు కాదు, పోస్టు నోటిఫికేషన్‌లో ఒక వాక్యం.